సిమ్లా కొండమీది కచేరీలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సిమ్లాను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. సిమ్లా యనగానే మనవారికి మంచు, ఆపిలు పండ్లు, కొత్త దంపతులు, సెలవు ప్రయాణపు రాయితీ స్ఫురించును. నేను చెప్పదలచినది వానిని గూర్చి కాదు. ఆ నగరపు నడిబొడ్డున, రిడ్జి యనబడు కొండ వెన్ను మొదలుకొని పడమట అబ్జర్వేటరీ కొండ వరకు నిలిచియున్న పాత కట్టడములను గూర్చి చెప్పవలెనని నా కోరిక. వానిలో పెక్కింటికిని మనకును ఒక విధమైన చుట్టరికము గలదు. అవి కోటలును కావు, కోవెలలును కావు; కచేరీలు. ఉత్తరువులు వ్రాయుటకు, లెక్కలు తనిఖీ చేయుటకు, దస్త్రములు కట్టగట్టి దాచుటకు, అనగా మనమందరము ప్రతిదినము చేయు పనికే అవి పుట్టినవి. లెక్కల శాఖలో మూడేండ్లు ఆ ఊర పనిచేసితిని గనుక వానిని వీధినుండియే కాక లోపలినుండి కూడ చూచు అవకాశము నాకు లభించినది.

ఒక మహాదేశమును పాలించు ప్రభుత్వము ఏటేట సగము కాలము ఏడువేల అడుగుల ఎత్తున కొండకొమ్మున కూర్చుండుట చరిత్రలో అరుదైన సంగతి. 1819లో రాస్ యను సైనికోద్యోగి అచట ఒక కొయ్య కుటీరము వేసికొనెను. 1822లో కెన్నెడీ యను అధికారి పక్కా ఇల్లు కట్టించెను. 1864లో వైస్రాయి జాన్ లారెన్సు సిమ్లాను వేసవి రాజధానిగా స్థిరపరచెను. అది మొదలు ఎండలు ముదురగానే కలకత్తానుండి, రాజధాని మారిన పిమ్మట ఢిల్లీనుండి, కచేరీలు కచేరీలుగా పెట్టెలు కట్టుకొని బయలుదేరెడివి. కాల్కా నుండి సిమ్లాకు రైలు పడినది 1903 నవంబరులో. అంతకుముందు కాల్కా దాటిన తరువాత టాంగాలు, ఎద్దుబండ్లు, కూలీల వీపులు తప్ప వేరొక సాధనము లేదు. ఒక గుమాస్తా భార్యాబిడ్డలను స్వగ్రామమున విడిచి, ఆరు నెలలకు సరిపడు ఉన్నిబట్టలు, వంటపాత్రలు మూటగట్టుకొని, శాఖవారి దస్త్రపు పెట్టెల వెంట కొండ ఎక్కుటను మీరు ఊహింపుడు. బదిలీ ఉత్తరువు చేతికి వచ్చిననాడు మన ఇండ్లలో జరుగు కోలాహలము వారి ఇండ్లలో ఏటికి రెండుసార్లు జరిగెడిది. 1921లో తొలిసారి సిమ్లా చూచివచ్చిన గాంధీమహాత్ముడు, ఈ ప్రభుత్వము అయిదువందలవ అంతస్తునుండి వ్యవహారము నడుపుచున్నదని విమర్శించుచు వ్రాసిరి. ఆ ఒక్కమాటలో సిమ్లా కట్టడముల రాజకీయమంతయు ఇమిడియున్నది.

ఇక స్థలము సంగతి. సిమ్లా ఒక కొండవెన్నుమీద కట్టిన ఊరు. రిడ్జిమీద కురిసిన వాననీటిలో ఒకవైపు జారినది సట్లెజి ద్వారమున అరేబియా సముద్రమునకు, రెండవవైపు జారినది యమున ద్వారమున బంగాళాఖాతమునకు పోవును. ఉన్న సమతలమంతయు ఆ వెన్నుమీది కొద్దిపాటి జాగాయే. సాయంకాలములందు జనులు షికారు చేయు ఆ రిడ్జి మైదానము క్రిందనే 1880 దశకమున కట్టిన నీటితొట్టి యొకటి గలదు. పది లక్షల గాలనుల నీరు పట్టునది. పైన బెలూనులు కొనిపెట్టుమని పిల్లలు మారాము చేయుచుందురు, పాదములక్రింద నగరపు తాగునీరు నిలిచియుండును. ఈ సంగతి ఎరిగినవారు సందర్శకులలో నూటికొకరు ఉందురేమో!

వెన్నుమీద దొరల గిరిజాఘరము, దాని క్రింద మాల్ రోడ్డు, ఇంకను క్రింద మన దేశీయుల లోయర్ బజారు. ఆ క్రమమున ఊరు మెట్లు మెట్లుగా దిగినది. మొదట ఈ విభజన ఇంత స్పష్టముగా లేదు. వెన్నుమీదనే ఒక పై బజారు ఉండెడిది. 1875లో అది అగ్నికి ఆహుతి కాగా, పాలకులు దానిని మరల అచట కట్టనీయలేదు. అగ్నిభయమొక కారణము, వెన్ను తమకే దక్కవలెనను కోరిక మరియొకటి. లోయర్ బజారునకు పోయినచో మన సింహాచలము మెట్లదారి జ్ఞాపకము వచ్చును. ఇరుప్రక్కల అంగళ్ళు, పైన వేలాడు కొయ్య వసారాలు, ఎదురుపడినవారికి ఒదిగి దారి ఇయ్యవలసిన ఇరుకు. మాల్ రోడ్డు అందము చూచి మెచ్చుకొని ఈ బజారు దిగకుండ వెనుదిరుగువారు సిమ్లాను సగమే చూచినవారు.

ఇల్లు కట్టు పద్ధతిలో ఒక విచిత్రము చెప్పవలెను. మనము ఇంటిలోనికి పోయి మేడమెట్లు ఎక్కుదుము. సిమ్లాలో పెక్కుచోట్ల వీధినుండి నేరుగా పై అంతస్తులో ప్రవేశించి మెట్లు దిగుచు పోవలెను. ఇల్లు కొండవాలునకు చేరగిలబడి యుండును. పైకప్పులు నిటారుగా బయటకు వాలియుండును; మంచు నిలిచినచో బరువునకు కప్పు కూలును గనుక అది జారిపోవుటకే ఆ ఏర్పాటు. మన గోదావరి మండువా లోగిలి కప్పు లోపలికి వాలి వాననీటిని నడిమింటికి ఆహ్వానించును. రాయలసీమ మట్టిమిద్దెకు వాలే అక్కరలేదు, అచట వాన చుట్టపుచూపుగా వచ్చునది. విశాఖ, శ్రీకాకుళ తీరముల చుట్టిల్లు గాలివానకు మూల చూపక గుండ్రముగా ఒదిగియుండును. ఏ సీమవాడు దేనికి భయపడునో వాని ఇంటి కప్పు చూచి చెప్పవచ్చును.

హిమాలయవాసి మంచుకంటె ఎక్కువగా భయపడునది భూకంపమునకు. అందులకు వారి పూర్వులు కనిపెట్టిన గోడలు రెండు విధములు. ఒకటి కాఠ్-కుణీ: ఒక వరుస దేవదారు దూలములు, ఒక వరుస రాయి, మరల దూలములు, మరల రాయి, సున్నము లేకుండగనే పేర్చుకొనిపోవుట. రెండవది ధజ్జీ. ధజ్జీ యనగా గుడ్డపేలిక. కొయ్యతో చట్రము కట్టి, దానిని అడ్డముగా, ఏటవాలుగా చిన్నచిన్న గడులుగా విభజించి, ఆ గడులలో రాతిముక్కలు, మట్టి కూరి పైన పూత పూయుదురు. పూత ఊడినచోట గోడను చూచినచో మన అమ్మమ్మలు పాతచీరల ముక్కలతో కుట్టిన బొంతవలె ఉండును. బొంతగోడ యన్న తప్పు కాదు. భూమి కదిలినప్పుడు ఈ గోడ విరుగక ఊగును. గడిలోని మట్టి రాలవచ్చును గాని చట్రము మనుష్యులమీద కూలదు. 1905 ఏప్రిలు 4వ తేదీన కాంగ్డా భూకంపము సుమారు ఇరువదివేలమంది ప్రాణములు గొన్నది. ఆ సీమలలో కొయ్యచట్రము గోడల విలువ గ్రహించుటకు అంతకుమించిన పాఠము అక్కరలేదు. దొరలు తమ ఇంగ్లండు పల్లెల ఇండ్ల జ్ఞాపకముతో నల్లని కొయ్యపట్టీలు, తెల్లని గోడలు గల భవనములు కోరిరి. వానిలో పెక్కింటి గోడలు నిలిపినవి మాత్రము కొండసీమ వడ్రంగుల, తాపీపనివారల చేతులే. రూపము పరదేశముది, ఎముక ఈ కొండది.

ఇప్పుడు మీరు నాతో కొంతదూరము నడువవలెను. రిడ్జి తూర్పుకొనను క్రైస్ట్ చర్చి. కర్నల్ బోయలో 1844లో దానికి నమూనా వేసెను. 1857లో ప్రతిష్ఠ జరిగినది. లేతపసుపు వన్నె, మైళ్ళ దూరమునుండి కనబడు శిఖరము. దానికి కొంచెము పడమరగా, కాలిపోయిన పై బజారు స్థలమున టౌనుహాలు, అందులో గేయిటీ నాటకశాల. 1887 మే నెలలో తెరువబడిన ఈ నాటకశాలకు రూపకర్త హెన్రీ ఇర్విను. ఈ పేరు దక్షిణదేశీయులమైన మనకు క్రొత్తది కాదు. మైసూరు అంబావిలాస రాజభవనము అతని సృష్టి. మదరాసు హైకోర్టు నిర్మాణమునందు కూడ అతని చేయి గలదు. ఇర్విను సిమ్లాలో కట్టిన టౌనుహాలు తన బరువు తానే మోయలేకపోయినది. పాతికేండ్లకే పై అంతస్తులు ప్రమాదకరమని విప్పివేయవలసి వచ్చినది. కొండమీద కట్టువానికి అది తొలి హెచ్చరిక. దానిని విన్నవారు ఎక్కువమంది లేరు.

అచటినుండి దిగినచో స్కాండల్ పాయింటు, లాలా లజపతిరాయ్ విగ్రహము. ఆ విగ్రహము మొదట లాహోరులో ఉండెడిది. దేశవిభజన తరువాత ఇచటికి తరలివచ్చినది. దానికి ఎదుట పెద్ద తపాలా కచేరీ, కొయ్య అంచులతో బొమ్మరింటివలె ముచ్చటగా ఉండును. ఇంకను పడమరకు పోయినచో రైల్వేబోర్డు భవనము. ఇది నాకు మిక్కిలి ఇష్టమైనది. అందమైనది యని మాత్రము ఎవ్వరును అనరు. 1896-97లో బొంబాయి రిచర్డ్సన్ అండ్ క్రూడాస్ కంపెనీవారు దీనిని పోత ఇనుముతో, ఉక్కుతో నిలబెట్టిరి. కొయ్య ఊరిలో కచేరీలు కాలిపోవుట చూచి చూచి, కాలని కచేరీ కావలెనని పాలకులు సంకల్పించిన ఫలమది. 2001 ఫిబ్రవరిలో దాని పై అంతస్తునకు నిప్పంటుకొన్నది. ఇనుప చట్రము చలింపలేదు. నూరేండ్ల క్రిందటి ఇంజనీరు వేసిన పందెము నెగ్గినది.

ఆ తరువాత గార్టన్ కాసిల్. నేటి హిమాచల ప్రదేశ్ అకౌంటెంటు జనరలు కార్యాలయము. జయపురమున ఆల్బర్టు హాలు కట్టిన స్వింటన్ జేకబ్ దీనికి రూపకల్పన చేసెను, 1904లో పూర్తియైనది. పేరుకు కోట యైనను ఇది ప్రభుత్వ సచివాలయముగా కట్టబడినదే. గోథిక్ తోరణముల నడుమ రాజపుతానా జాలీలు, ఎర్రని కప్పులు, పొడవైన వసారాలు. ఆ వసారాలలో ఎండ పడు చోట జనవరి మధ్యాహ్నమున కుర్చీలు వేసికొని కూర్చుండుట ఎంత సుఖమో అచట పనిచేసినవారికే తెలియును. 2014 జనవరిలో దాని పై అంతస్తు మంటలకు లోనైనది.

అచటికి అనతిదూరమున శాసనసభా భవనము. 1925లో కేంద్ర శాసనసభకై నిర్మింపబడిన ఈ మందిరముననే ఆ సంవత్సరము విఠల్‌భాయి పటేలు సభాధ్యక్షులుగా ఎన్నికై, ఆ పీఠమెక్కిన తొలి భారతీయులైరి. 1934 ఎన్నికలలో ఆ సభకు ఎన్నికైన మన వి.వి. గిరిగారివంటివారు సిమ్లా సమావేశములకు ఈ కొండయే ఎక్కవలసియుండెను. చిట్టచివర అబ్జర్వేటరీ కొండమీద వైస్రాయి భవనము. ఇదియు ఇర్విను రచనయే. 1888లో డఫరిన్ ప్రభువు గృహప్రవేశము చేసెను. బూడిదవన్నె రాయి, లోపల బర్మా టేకుతో మూడంతస్తుల ఎత్తు హాలు, మొదటినుండియు విద్యుద్దీపములు.

పరదేశీయుల వైభవమునకై కట్టిన వానిని మనమేల కాపాడవలెనని కొందరు మిత్రులు నన్ను అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. నా సమాధానమిది: ఆ గోడల నడుమ జరిగిన చరిత్రలో సగము మనది. 1945 సిమ్లా సమావేశము ఆ వైస్రాయి భవనముననే జరిగినది. గాంధీజీ హత్యకేసు అప్పీలును 1949లో పంజాబు హైకోర్టువారు విన్నది పీటర్‌హాఫ్ భవనమున. 1971 జనవరి 25న హిమాచలము పూర్తి రాష్ట్రమైనదని శ్రీమతి ఇందిరాగాంధి ప్రకటించినది మంచు కురియుచున్న రిడ్జిమీద. 1972లో పాకిస్తానుతో ఒడంబడికపై సంతకములైనది బార్న్స్ కోర్టులో. ఇక వైస్రాయి భవనము రాష్ట్రపతి నివాసమైన పిదప దానిని పండితుల పరిశోధనకు ఒప్పగించినవారు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు. పూర్వము 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై యుండిన మహనీయులు వారే. 1965 అక్టోబరు 20న వారి చేతులమీదుగనే అచట ఉన్నత పరిశోధన సంస్థ ఆరంభమైనది. వైస్రాయి నృత్యములు సల్పిన శాలలో ఇప్పుడు పుస్తకములు నిలిచియున్నవి. ఒక భవనమును స్వాధీనము చేసికొనుట యన్న ఇది గదా!

అయినను ఈ ఆస్తి మన చేతినుండి కొంచెము కొంచెముగా జారిపోవుచున్నది. పీటర్‌హాఫ్ 1981 జనవరిలో కాలిపోయినది. నేడు ఆ పేరున ఉన్నది క్రొత్త కట్టడము. రైల్వేబోర్డు, గార్టన్ కాసిల్ సంగతి చెప్పితిని. మనలో పలువురు కుటుంబములతో దిగిన గ్రాండ్ హోటలు, అనగా కేంద్రోద్యోగుల విడిది గృహము, అందులో ఒక భాగము 2019 మే నెలలో భస్మమైనది. దేవదారు కొయ్య నూరేండ్లు ఎండి పత్తివలె అంటుకొనును. గోడకును పలకకును నడుమనున్న బోలులో నిప్పు ఎలుకవలె ప్రాకి, ఎక్కడనో అటకమీద పైకి లేచును. ఆ అటకమీద మన పాత రికార్డుల కట్టలు!

నేను ఎరిగిన ఒక కచేరీలో, దాని పేరు చెప్పుట ఉచితము కాదు, ఒకే ప్లగ్గునుండి మూడు హీటర్లు, ఒక టీ కెటిలు నడుచుచుండెడివి. తీగలు వెచ్చబడుట అందరకు తెలియును. చలి తమ పని తాను చేయించును. ఆ కచేరీ వృద్ధ చౌకీదారు సాయంకాలము ప్రతి గది తలుపునకు ముఖము చేర్చి వాసన చూచి, అటుపిమ్మటనే తాళము వేయువాడు. ఏమి చూచుచున్నావని అడుగగా, "బాబూజీ, ఇది కొయ్య ఇల్లు. ఇక్కడ ముక్కుతో చూడాలి. కంటికి కనబడేటప్పటికి ఆలస్యమైపోతుంది" అనెను. ఒక డిసెంబరు రాత్రి అతడు ఆ విధముగనే ఒక బల్లక్రింద నేలపలక నల్లబడుట కనిపెట్టి, రెండు బక్కెట్ల నీటితో ఆ భవనమును నిలిపెను. అతని పేర ఏ ఫైలులోను ఒక వాక్యమైనను ఎక్కలేదు. వారసత్వ సంరక్షణమని మనము పెద్ద పేరు పెట్టుకొన్న పనిలో తొలిమెట్టు ఆ ముసలివాని ముక్కే యని నేను నమ్ముచున్నాను. తీగలు మార్పించుటకు, అటక ఖాళీ చేయించుటకు, హీటరు ఆర్పి పోవుటకు పురావస్తు పండితులు రానక్కరలేదు. సెక్షను అధికారి చాలును.

అగ్ని యొకవైపు, బరువు మరొకవైపు. 2011 జనాభా లెక్కలనాటికి సిమ్లా నగరవాసులు 1,69,578 మంది. వారికి ఇండ్లు కావలెను, తప్పు పట్టలేము. కాని ధజ్జీ గోడను విడిచి, వాలుమీద సన్నని స్తంభములపై అయిదారు అంతస్తుల కాంక్రీటు లేపుట, వాననీరు పోవు నాలాలను పూడ్చి వానిమీదనే పునాది తీయుట మరియొక సంగతి. 2017 నవంబరులో జాతీయ హరిత న్యాయస్థానము నగరపు నడిబొడ్డున, అటవీభాగముల క్రొత్త కట్టడములను నిషేధించి, ఇతరచోట్ల రెండంతస్తులును అటకయు మించరాదని ఆజ్ఞాపించెను. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను త్రోసిపుచ్చి, రాష్ట్రప్రభుత్వపు అభివృద్ధి ప్రణాళికకు దారి ఇచ్చెను. ఈ రెంటి నడుమ, 2023 ఆగస్టు 14న, రాష్ట్రపతి నివాసపు కొండక్రింద సమ్మర్ హిల్ చెంత చరియ విరిగి శివాలయముపై పడగా ఇరువదిమంది మరణించిరి. కొండరైలు పట్టాలు క్రిందిమట్టి కొట్టుకొనిపోయి గాలిలో వ్రేలాడినవి. ఆ దృశ్యము మీరందరు వార్తలలో చూచియే యుందురు. న్యాయస్థానములు మార్చగలిగినది చట్టమును, వాలును కాదు.

బాగుపడిన ఉదాహరణ చెప్పకున్న అన్యాయమగును. గేయిటీ నాటకశాలను వేద్ సేగన్ అను వాస్తుశిల్పి కొన్ని సంవత్సరములు శ్రమించి పునరుద్ధరింపగా 2009లో అది మరల తెరువబడినది. పాత రూపమును నిలిపి, నాటకములు ఆడించుచున్నారు. ఆ రంగస్థలము చిన్నది; ప్రేక్షకుడు నటుని కనుబొమ్మ కదలిక చూడగలడు. మన సురభివారు అచట ఒక మాయాబజారు ఆడిన ఎట్లుండునో యని నేను వెనుక వరుసలో కూర్చుండి పలుమారు ఊహించుకొంటిని. వారి తాళ్ళు, తెరలు, ఎగురు పళ్ళెములు ఆ వేదికమీద పట్టవేమో!

ఈసారి సెలవులలో మీరు సిమ్లా పోయినచో ఒక్క పూట మాల్ రోడ్డు అంగళ్ళకు తగ్గించి ఈ కట్టడములకు ఇండు. పరిశోధన సంస్థను రుసుము చెల్లించి చూడవచ్చును. అచటివారే వెంటనుండి చూపుదురు. గార్టన్ కాసిల్ పనిదినములలో కచేరీయే గనుక లోపలివారికి అడ్డుపడక వెలుపలినుండి జాలీలు చూపింపుడు. పూత ఊడిన గోడ ఎక్కడైన కనబడినచో పిల్లలకు ఆ బొంతగోడ చూపుట మరువకుడు. మన సంఘసభ్యులలో సిమ్లాలో పనిచేసినవారు ఇంకను కొందరు కలరు. వేసవి తరలింపులనాటి తాతగారల జాబులు, ఛాయాచిత్రములు, బదిలీ ఉత్తరువులు మీ పెట్టెలలో ఉన్నచో ప్రతులు తీయించి కార్యదర్శిగారికి అందజేయుడు. వచ్చే సంచికలో ప్రకటింతుమని వారు నాకు మాట ఇచ్చియున్నారు.